పాత దర్వాజకు అంటేది దోషమా, రుణమా?

పాత ఇంటి కలప కొనబోయేవాళ్లు వేసే ప్రశ్నలు రెండు రకాలుగా ఉంటాయి. ఒక రకం వడ్రంగివి: చేవ ఎంత ఉంది, చెద తగిలిందా, రందా కొడితే మందం ఎంత మిగులుతుంది. రెండో రకం ఇంటి పెద్దలవి: ఈ దర్వాజ ఎవరింటిది, ఆ ఇల్లు ఎందుకు విప్పారు, ఆ గడప లోపల అకాల మరణం ఏదైనా జరిగిందా, ఆ కుటుంబం బాగుపడిందా చెడిందా. మొదటి ప్రశ్నలకు ఉలి మొన జవాబు చెబుతుంది. రెండోవాటికి ధర్మచింతనే జవాబు చెప్పాలి. రామగుండం, గోదావరిఖని చుట్టుపక్కల వీటిని వట్టి అనుమానాలని కొట్టిపారేయలేం. ఇక్కడ అమ్మకానికి వచ్చే పాత సామానులో కొంత, సొంతదారు ఇష్టపడి విప్పుకున్న ఇళ్లది. మరికొంత, ఊరికి ఊరే లేచిపోయినప్పుడు విప్పుకోక తప్పని ఇళ్లది. అలాంటి కలపను కొత్త ఇంటికి వాడవచ్చా? నా జవాబు ముందే చెబుతాను. పాత కలపకు దోషం అంటదు, రుణం అంటుతుంది. దోషమని భయపడి వద్దనేవాళ్లూ, భయం లేదు గనుక ఇంకేమీ ఆలోచించనక్కర్లేదనుకునేవాళ్లూ ఈ రుణాన్నే మరిచిపోతున్నారు.

ఈ ప్రశ్న ఇక్కడ ఇంత బరువుగా ఎందుకు ఉందో తెలియాలంటే బొగ్గు తవ్వకం తీరు చూడాలి. 1889లో ఇల్లందులో తవ్వకం మొదలైంది, 1920 డిసెంబరు 23న సింగరేణి కాలరీస్ కంపెనీ పేరు వచ్చింది, గోదావరి దక్షిణపు ఒడ్డున గోదావరిఖని బొగ్గు పట్నంగా పెరిగింది. భూగర్భ గనుల కాలంలో బొగ్గు కింద ఉంటే ఊరు పైన ఉండేది. ఓపెన్‌కాస్ట్ వచ్చాక ఆ పొందిక కుదరలేదు. బొగ్గు పొర మీద ఉన్న మట్టి, రాయి, చెట్టు, ఇల్లు అన్నీ తీసేస్తేనే బొగ్గు చేతికొస్తుంది. లద్నాపూర్ లాంటి ఊళ్లకు ఇల్లూ వాకిలీ వదులుకోవాల్సిన గతి పట్టింది ఇందుకే. గోదావరి మీద ఎల్లంపల్లి జలాశయం కట్టినప్పుడు రెండు ఒడ్డుల గ్రామాలు మరో కారణంతో అదే దారి పట్టాయి. ఊరు ఖాళీ చేసేవాళ్లు ఇంటిని పారేసి పోరు, విప్పుకుని పోతారు. ముందు పెంకులు దించుతారు, తర్వాత వాసాలు, ఆ తర్వాత దూలాలు, స్తంభాలు. దర్వాజలు, కిటికీలు గోడలు కూలాక వస్తాయి. ఈ ఆచారాన్ని చట్టం కూడా గుర్తించింది. 2013 భూసేకరణ చట్టం రెండో షెడ్యూలు, నిర్వాసిత కుటుంబానికి ఒకసారి ఇచ్చే 50,000 రూపాయల రవాణా ఖర్చు దేనికోసమో చెబుతూ కుటుంబం, సామాను, పశువులతో పాటు ఇంటి నిర్మాణ సామగ్రిని కూడా లెక్కలో వేసింది. పునరావాస కాలనీలో కట్టుకునే స్లాబు ఇంట్లో దూలాలకు చోటుండదు. అందుకని కొంత సామాను అమ్మకానికి వస్తుంది. కొనేవాళ్లలో గని కార్మికులూ ఉంటారు. కంపెనీ క్వార్టరు ఉద్యోగం ఉన్నంత కాలమే, దిగిపోయాక సొంత గూడు కట్టుకోవాలి. ఒకరి ఇల్లు పోవడానికీ మరొకరి ఇల్లు లేవడానికీ మూలం ఒకే బొగ్గు.

అలా వచ్చిన ఒక టేకు దర్వాజను దగ్గరగా చూస్తే పెద్దల అనుమానం ఎక్కడ పుడుతుందో అర్థమవుతుంది. గడప మీద పసుపు పొరలు పొరలుగా గట్టిపడి ఉంటుంది, కుంకుమ బొట్లు పెట్టిన చోట చెక్క నల్లబడి ఉంటుంది. పై కమ్మికి మామిడాకులు కట్టడానికి కొట్టిన మేకుల రంధ్రాలు వరుసగా కనిపిస్తాయి. పక్క కమ్మికి మనిషి చెయ్యి ఆనుకునే ఎత్తున చెక్క నున్నగా అరిగి ఉంటుంది. గోడలో దాగిన వెనకవైపు మాత్రం బాడిస దెబ్బలు నిన్న కొట్టినట్టు ఉంటాయి. ఇంతకాలం లక్ష్మి అని మొక్కించుకున్న వస్తువు ఇప్పుడు రోడ్డు పక్క దుకాణంలో గోడకు ఆనించి ఉంది. లక్ష్మి ఆ ఇంటిని ఎందుకు వదిలింది అని ఒక ముసలమ్మ అడిగితే అది తెలివితక్కువ మాట కాదు. వస్తువుకూ బతుకుకూ సంబంధం ఉందని ఆమె నమ్ముతోంది. ఆ నమ్మకాన్ని నేనూ పంచుకుంటాను. ఆ సంబంధం ఎలాంటిదన్న చోటే ఆమెతో విభేదిస్తాను.

ముందు శాస్త్రం మాట. ఒక ఇంటి కలపను మరో ఇంటికి వాడరాదన్న నిషేధం వాస్తు సంప్రదాయంలో ఉంది, వాడితే యజమానికి కీడని హెచ్చరిక కూడా ఉంది. దీన్ని దాచిపెట్టి వాదించడం న్యాయం కాదు. ఆరో శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో కొట్టకూడని చెట్ల జాబితా ఇచ్చాడు. శ్మశానంలో పెరిగినవి, పిడుగు పడ్డవి, గాలికి కూలినవి, నిలువునా ఎండినవి అందులో ఉన్నాయి. చెట్టును కొట్టే ముందు దాన్ని ఆశ్రయించిన ప్రాణులను మరోచోటికి వెళ్లమని వేడుకునే విధి కూడా చెప్పాడు. ఈ నియమాల్లో కొన్ని కలప గట్టిదనానికి సంబంధించినవి. పిడుగు పడ్డ మానులో పగుళ్లు పైకి కనిపించవు, ఎండి నిలబడ్డ మానులో పురుగు చేరుతుంది. కొన్ని దయకు సంబంధించినవి. మిగిలినవి శకునాలే. శాస్త్రంలో ఉన్నదంతా మారువేషం వేసుకున్న ఇంజనీరింగేనని సమర్థించే అలవాటు నాకు నచ్చదు, అది శాస్త్రానికీ ఇంజనీరింగుకీ రెండింటికీ అన్యాయం చేస్తుంది. శకునాన్ని శకునంగానే ఒప్పుకుని, అది నిలుస్తుందా అని అడగాలి.

అది శాస్త్రంలోనే నిలవదు. ధర్మశాస్త్రాల్లో ద్రవ్యశుద్ధి అని ఒక ప్రకరణం ఉంటుంది. ఏ వస్తువు మైలపడితే దేనితో శుద్ధి అవుతుందో అక్కడ వరసగా చెబుతారు. చెక్క వస్తువులకు శుద్ధి ఏమిటంటే, పైపొర చెక్కేయడం. మనుస్మృతి ఐదో అధ్యాయం ఈ మాట చెబుతుంది, యాజ్ఞవల్క్యస్మృతి కూడా అదే చెబుతుంది. అంటే వడ్రంగి రందా కొట్టగానే స్మృతి దృష్టిలో ఆ చెక్క శుద్ధమైంది. అంతకన్నా ముఖ్యమైన మాట మనుస్మృతిలో అదే అధ్యాయంలో, కొన్ని శ్లోకాల ముందే ఉంది. అన్ని శుచులలోకీ ధనం విషయంలో శుచిగా ఉండటమే గొప్పదనీ, సంపాదనలో శుచి ఉన్నవాడే శుచిమంతుడనీ, మట్టితో నీళ్లతో కడుక్కున్నంత మాత్రాన ఎవరూ శుచి కారనీ ఆ శ్లోకం అర్థం. మనుస్మృతిని తిరస్కరించేవాళ్లు ఈ గడ్డ మీద ఎందరో ఉన్నారు. మనిషికి పుట్టుకతో మైల అంటగట్టిన పుస్తకాన్ని తిరస్కరించడానికి వాళ్లకు బలమైన కారణాలున్నాయి. నేను దాన్ని ప్రమాణంగా ముందుకు తేవడం లేదు. శాస్త్రం పేరు చెప్పి భయపెట్టేవాళ్లకు శాస్త్రంలోనే మరో పక్క ఏముందో చూపిస్తున్నాను. వస్తువు మైల రందాతో పోతుంది, సంపాదనలోని మైల ఏ నీళ్లతోనూ పోదు.

కర్మ సిద్ధాంతం వైపు నుంచి చూసినా ఇదే తేలుతుంది. చేసినవాడి కర్మ చేసినవాడిని వెంటాడుతుందని మనం నమ్ముతాం. పాత బట్ట విడిచి కొత్త బట్ట కట్టుకున్నట్టు ఆత్మ శరీరాన్నే విడిచిపోతుందని గీత చెప్పింది. శరీరానికే అంటుకోని ఆత్మ, శరీరం దాటివెళ్లిన గడపకు అంటుకుని ఉంటుందా? ఒక కుటుంబం కష్టం ఆ దర్వాజలో ఇంకిపోయి, దాన్ని కొన్న ఏ పాపం ఎరగని కుటుంబం మీద పడుతుందంటే, చేయని పనికి ఫలం అనుభవించడం న్యాయమని ఒప్పుకున్నట్టే. కర్మను నమ్మేవాళ్లు ఒప్పుకోకూడని మాట అది. ఇక్కడ ఒక ఎదురుప్రశ్న వస్తుంది. పాపి పెట్టిన అన్నం తింటే పాపం అంటుతుందని పెద్దలు చెప్పలేదా? చెప్పారు. అయితే అక్కడ లోపం బియ్యపు గింజలో లేదు, అది అన్యాయంగా సంపాదించిన అన్నం కావడంలో ఉంది. ఆ ఉదాహరణ నా వాదాన్నే బలపరుస్తుంది. వస్తువుతో పాటు చేతులు మారేది, అది వచ్చిన దారి మంచిచెడ్డలే. ఇక్కడ పక్కపక్క వీధుల్లో బతికే ముస్లింలలోనూ ఇదే ఆలోచన ఉంది. అపశకునాలను నమ్మవద్దని ప్రవక్త చెప్పినట్టు హదీసులు అంటాయి, అక్రమ సంపాదన విషయంలో మాత్రం చాలా కఠినంగా ఉంటాయి.

పాతదంటే భయపడే మనం ఆ భయాన్ని అన్నింటికీ సమానంగా పాటించడం లేదు కూడా. రామగుండం ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రంలో మండే బొగ్గు ఏమిటి? గోదావరి లోయలో కోట్ల ఏళ్ల కిందట, పెర్మియన్ యుగంలో, చచ్చి కూలి మట్టి కింద కప్పబడ్డ అడవులు. కూలిన చెట్టు కలప ఇంటికి అరిష్టమైతే ఆ చెట్ల వేడితో వచ్చిన కరెంటు దీపం దేవుడి గూట్లో ఎలా వెలుగుతోంది? మన దేశపు బొగ్గు వంద కిలోలు కాలిస్తే 30 నుంచి 40 కిలోల బూడిద మిగులుతుంది. ఆ బూడిదతో చేసిన ఇటుకలతో ఈ ప్రాంతంలో గోడలు లేస్తున్నాయి, ఆ ఇళ్లకు ముహూర్తం పెట్టి గృహప్రవేశాలు చేసుకుంటున్నాం. బూడిద ఇటుకకు లేని అరిష్టం టేకు దూలానికి ఎందుకొచ్చింది? ఇటుకలో ఎవరి ముఖమూ కనిపించదు, దూలం మీద పసుపు మరకలో ఒక మనిషి కనిపిస్తుంది. అంతకు మించిన తేడా లేదు. అంటే మనం దోషం అని పిలుస్తున్నది, నిజానికి, మరో మనిషి బతుకు మన చేతికి తగిలినప్పుడు కలిగే ఇబ్బంది.

ఆ ఇబ్బంది నుంచి తప్పించుకోవడానికి కొత్త సామాను కొంటే సరిపోతుందా? సరిపోదు. పెద్దపల్లి చుట్టూ ఉన్న ఇటుక బట్టీల్లో ఎర్రటి కొత్త ఇటుకను చేసేది పశ్చిమ ఒడిశా నుంచి అడ్వాన్సు తీసుకుని, పిల్లాజెల్లాతో వలస వచ్చిన కుటుంబాలు. ఆ ఇటుకను కాల్చేది మళ్లీ బొగ్గే. కొత్త ఇసుక గోదావరి, మానేరుల కడుపులోంచి వస్తుంది. సిమెంటు తయారీలో ప్రతి టన్నుకూ అర టన్నుకు పైగా బొగ్గుపులుసు వాయువు గాలిలో కలుస్తుంది. కొత్త టేకు అంటే మరో చెట్టు. కొత్త వస్తువుకూ వెనక బతుకులున్నాయి, అవి మనకు కనిపించవు, అంతే. కనిపించని కష్టం శుభమనీ కనిపించే కష్టం అశుభమనీ అనుకుంటే మన ధర్మం కళ్లు మూసుకోవడం మీద నిలబడ్డట్టు అవుతుంది.

పాతదాన్ని తిరిగి వాడటం మతానికి విరుద్ధమన్న భావన మన సంప్రదాయం మొత్తాన్ని చూస్తే నిలవదు. జీర్ణోద్ధరణ, అంటే పాడుబడ్డ గుడిని బాగుచేయడం, కొత్త గుడి కట్టినంత పుణ్యమని ఆగమాలు భావించాయి, వాస్తు గ్రంథమైన మయమతంలో పాత కట్టడాల పునరుద్ధరణకు ఒక అధ్యాయమే ఉంది. జపాన్‌లోని ఇసే దేవాలయాన్ని ఇరవై ఏళ్లకోసారి పూర్తిగా కొత్తగా కడతారు, 2013లో అలా కట్టారు. విప్పిన పాత కలపను దేశంలోని ఇతర ఆలయాలకు పంచుతారు. ప్రధాన మందిరాల స్తంభాలు నది వంతెన దగ్గర తోరణ ద్వారాలై నిలబడతాయి. అక్కడ పాత కలప ఒక కానుక. మనకింకా దగ్గరి సాక్ష్యం బౌద్ధానిది. ఈ పెద్దపల్లి జిల్లాలోనే ధూళికట్టలో శాతవాహనుల కాలపు స్తూపం బయటపడింది, ఆ మతం మన నేలకు పరాయిది కాదు. భిక్షువుల నియమాలు చెప్పే వినయపిటకంలో ఒక సంభాషణ ఉంది. కౌశాంబి రాజు ఉదయనుడి అంతఃపుర స్త్రీలు బుద్ధుడి శిష్యుడు ఆనందుడికి ఐదు వందల చీవరాలు, అంటే భిక్షువులు కట్టుకునే వస్త్రాలు, దానం చేశారు. ఒక్క భిక్షువుకు ఇన్ని ఎందుకని రాజు నిలదీశాడు. చిరిగిన చీవరాలు ధరించే భిక్షువులకు పంచుతానన్నాడు ఆనందుడు. మరి ఆ చిరిగినవాటిని ఏం చేస్తారు? దుప్పట్లు చేసుకుంటాం. పాత దుప్పట్లను? పరుపు గలీబులు. ఆ పాత గలీబులను? కింద పరుచుకునే గుడ్డలు. అవి చిరిగితే కాళ్లు తుడుచుకునే గుడ్డలు, అవీ పోతే దుమ్ము దులిపే గుడ్డలు. అవి కూడా పనికిరాకుండా పోయాక నరికి, మట్టిలో కలిపి తొక్కి, నేలకు పూస్తాం. ఆ జవాబు విని రాజు మరో ఐదు వందల వస్త్రాలు ఇచ్చాడు. దాత ఇచ్చినదాన్ని చివరి పోగు దాకా వాడటం దాతకు చేసే గౌరవమన్నది ఆ కథలోని ధర్మం. పొదుపు అక్కడ కృతజ్ఞతకు మరో రూపం.

ఇక్కడిదాకా నాతో వచ్చిన హేతువాది, అయితే ఇక గొడవేముంది, చెక్క చెక్కే, ధర కుదిరితే కొనుక్కోవడమే అనవచ్చు. అతనితో కూడా నేను ఏకీభవించను. వేద వాఙ్మయంలోని శతపథ బ్రాహ్మణం మనిషి పుడుతూనే నాలుగు రుణాలతో పుడతాడంటుంది. దేవతలకు, రుషులకు, పితరులకు ఉన్న రుణాలు అందరికీ తెలుసు, నాలుగోది తోటి మనుషులకు ఉన్న రుణం. అది తీరే మార్గం కూడా అక్కడే ఉంది: మనుషులకు నిలువనీడ ఇవ్వడం, అన్నం పెట్టడం. నిలువనీడ మాట నా ప్రశ్నకు నేరుగా తగులుతుంది. ఒకరి నిలువనీడ విప్పగా వచ్చిన దూలం నా నిలువనీడకు ఆధారమవుతుంటే నాకూ ఆ మనిషికీ మధ్య ఒక బాకీ పుట్టింది. అతను ఎవరో నాకు తెలియకపోయినా, మధ్యలో ముగ్గురు వ్యాపారులున్నా ఆ బాకీ పుట్టకుండా పోదు. ఇది భయంతో తీరేది కాదు, శాంతిహోమంతోనూ తీరదు. బాకీలు తీరే పద్ధతిలోనే తీరాలి.

ఆ పద్ధతిలో మొదటిది సరైన ధర. దోషం అన్న మాట బేరంలో ఏం చేస్తుందో గమనించాలి. లేచిపోతున్న ఊరి దర్వాజ, ఎవరు కొంటారు, అన్న ఒక్క మాటతో అమ్మేవాడి నోరు పడిపోతుంది. అతనికి గడువు ఉంది, కొనేవాడికి లేదు. అతనికి నిలవ పెట్టుకునే చోటు లేదు, కొనేవాడికి ఉంది. ఇల్లు పోయిందన్న కారణం చూపి, ఇల్లు పోయినవాడి సొత్తుకు ధర తగ్గించడం రెండోసారి ఇల్లు కూల్చడమే. అపశకునం నమ్మకం ఇక్కడ అమాయకమైన ఆచారంగా మిగలదు, బలహీనుడి జేబులోంచి బలవంతుడి జేబులోకి డబ్బు మళ్లించే పనిముట్టు అవుతుంది. కలప విలువను చేవ చూసి కట్టాలి, దాని యజమాని కష్టం చూసి కోయకూడదు. రెండోది, వచ్చిన దారి తెలుసుకోవడం. అడవి నుంచి దొంగచాటుగా వచ్చిన టేకుకు పాత మేకులు కొట్టి పాత కలపగా చెలామణి చేసే అవకాశం ఉంటుంది. గని నుంచి మాయమైన ఇనుప దూలం తక్కువ ధరకు దొరకవచ్చు. కంపెనీ వేలంలో కొన్న తుక్కుకు కాగితం ఉంటుంది, మాయమైన దూలానికి ఉండదు. గనిలో పైకప్పును మోయాల్సిన ఇనుము మన ఇంటి పైకప్పును మోస్తుంటే, కింద ఎవరి తల మీద ఆ లోటు పడుతుందో ఆలోచించాలి. అంతకన్నా పెద్ద దోషం ఏ వాస్తు గ్రంథమూ చెప్పలేదు.

దీనికి రెండు గట్టి అభ్యంతరాలు వస్తాయి. మొదటిది, మనసు శాంతి. తర్కం ఎంత చెప్పినా ఇంట్లో పెద్దామెకు ఆ దర్వాజ చూస్తే గుండె కలుక్కుమంటుంటే, ఇల్లు కట్టుకుని ఏం సుఖం? ఈ మాటకు నేను విలువిస్తాను. ఇల్లు అందులో ఉండేవాళ్ల మనసు కోసమే. ఆమెను ఎగతాళి చేసి గెలవడం గెలుపు కాదు. ఆచారానికి ఇక్కడ నిజమైన పాత్ర ఉంది. ఆ గడపను కడిగి, కొత్త పసుపు రాసి, వీలైతే దాని పాత యజమానులను గృహప్రవేశానికి పిలిచి భోజనం పెట్టడం ఏ శాంతిహోమం కన్నా తక్కువైంది కాదు. రుణం తీరే మార్గంగా అన్నం పెట్టడాన్ని వేదమే చెప్పింది గదా. అప్పటికీ ఆమె ఒప్పుకోకపోతే ప్రధాన ద్వారం కొత్తది చేయించి, పాత కలపను కిటికీలకు, అరలకు వాడుకోవచ్చు. మనసును నొప్పించకుండా చెట్టును కాపాడే దారులు చాలా ఉన్నాయి. ఆ కలప అశుభమని ఊరంతా చాటడం మాత్రం మనశ్శాంతి లెక్కలోకి రాదు. అది మరొకరి నష్టం.

రెండో అభ్యంతరం ఇంకా పదునైంది. నిర్వాసితుడికి కావాల్సింది భూమికి భూమి, ఇంటికి ఇల్లు, కొలువు; దూలాల బేరంలో ధర్మం వెతకడం వల్ల అసలు అన్యాయం మరుగున పడదా? పడకూడదనే నా కోరిక కూడా. 2013 చట్టం ఇంటి విలువకు నూరు శాతం అదనపు సొమ్మునూ, ఇల్లు పోయినవాళ్లకు ఇంటినీ వాగ్దానం చేసింది. ఆ వాగ్దానం నెరవేర్చే బాధ్యత ప్రభుత్వానిదీ కంపెనీదీ, కలప కొన్నవాడిది కాదు. అయినా బొగ్గు వెలుగు వాడుకునే ప్రతి ఇంటికీ ఆ వాగ్దానం గురించి అడిగే బాధ్యత ఉంది. తమ ఇంట్లో లేచిపోయిన ఊరి దూలం ఉన్నవాళ్లు మిగతావాళ్లకన్నా గట్టిగా అడగాలి. రుణం ఒప్పుకోవడం అంటే జాలిపడి ఊరుకోవడం అని నేను అనడం లేదు. జాలి అడిగినప్పుడు ఇచ్చేది, రుణం అడగకపోయినా కట్టాల్సింది.

పాతదంతా పవిత్రమని కూడా నేను చెప్పబోను. పగిలిన పాత సిమెంటు రేకుల్లో ఆస్బెస్టాస్ పోగులు లేచి ఊపిరితిత్తుల్లో చేరతాయి, ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆస్బెస్టాస్ రకాలన్నింటినీ క్యాన్సర్ కారకాలుగా గుర్తించింది. వాటిని కోసి కొత్త పంచకు వేయడం పొదుపు కాదు, హింస. చెద పట్టిన దూలాన్ని రంగు పూసి అమ్మడం కూడా అంతే. ఏది వాడాలో ఏది వద్దో తేల్చడానికి శకునం పనికిరాదు. ఎవరికి హాని, ఎవరికి బాకీ అన్న రెండు ప్రశ్నలు సరిపోతాయి.

కాబట్టి పాత కలప ముందు నిలబడ్డప్పుడు పెద్దలు అడిగే ప్రశ్నను మానేయమని నేను అనను, దాని దిశ మార్చమంటాను. ఈ దర్వాజ ఎవరింటిది అని తప్పకుండా అడగాలి. వాళ్ల దురదృష్టం మనకు అంటుతుందేమోనని అడిగితే మనం వాళ్ల నుంచి దూరంగా జరుగుతాం. వాళ్లకు న్యాయమైన ధర ముట్టిందా, వాళ్లకు మళ్లీ ఇల్లు లేచిందా అని అడిగితే దగ్గరవుతాం. మొదటి ప్రశ్న కష్టపడ్డవాడినే అశుభంగా చూస్తుంది, రెండోది అతన్ని బంధువుగా చూస్తుంది. ఊళ్లను తవ్వి వెలుగు తెచ్చుకునే ఈ బొగ్గు నేల మీద రెండో ప్రశ్న అడగని ఇంటికి ఏ ముహూర్తం పెట్టినా ఆ గృహప్రవేశం సగమే జరిగినట్టు. అది అడిగి, జవాబుకు తగ్గట్టు కట్టాల్సింది కట్టినవాళ్లు, లేచిపోయిన ఊరి దర్వాజను నిశ్చింతగా తమ ఇంటికి నిలబెట్టుకోవచ్చు.